క్రియ లేని తెర

ఒక సమీక్షా సమావేశాన్ని ఊహించుకుందాం. తెర మీద మూడు ముక్కలు కనిపిస్తున్నాయి: ‘తాగునీటి ఎద్దడి’, ‘పైపులైన్ల మరమ్మతులు’, ‘నిధుల విడుదల’. ఒక్కోదాని ముందు ఒక నల్ల చుక్క. పైన ‘ప్రస్తుత పరిస్థితి’ అని శీర్షిక. చూసినవాళ్లంతా తలూపుతారు. కానీ ఎవరైనా ఆగి నాలుగు ప్రశ్నలు వేస్తే ఆ తెర నోరు విప్పదు. మరమ్మతులు చేశారా, చేస్తున్నారా, చేయడానికి అనుమతి అడుగుతున్నారా? నిధులు వచ్చాయా, రావాలా, వచ్చి వెనక్కి పోయాయా? ఎద్దడి తీరిందా, ముదిరిందా? మూడు చుక్కల పక్కనా మూడు పేర్లున్నాయి గానీ ఏం జరిగిందో చెప్పే మాట ఒక్కటీ లేదు. మంచి స్లయిడ్లు ఎలా ఉండాలన్న చర్చ రాగానే మనం రంగులు, ఫాంట్లు, బొమ్మల దగ్గర మొదలుపెడతాం. అవీ ముఖ్యమే. అయితే మన పీపీటీల అసలు జబ్బు అలంకారంలో లేదు, వ్యాకరణంలో ఉంది. స్లయిడ్‌లోంచి క్రియ జారిపోయింది. దాని వెంట బాధ్యతా జారిపోయింది.

ఈ లోటు తెలుగులో మరీ పెద్దది, ఎందుకంటే తెలుగు క్రియ ఒంటిచేత్తో చాలా పని చేస్తుంది. ‘వేశాం’ అంటే ఆ పని చేసింది మేమేనని, అది అయిపోయిందని ఒక్క మాటలో తెలుస్తుంది. ‘వేస్తాం’ అంటే మాటిచ్చినట్టు. ‘వేయలేదు’ అంటే ఒప్పుకున్నట్టు. ‘వేయాల్సింది’ అంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టు. ఎవరు, ఎప్పుడు, అవునా కాదా అన్నవి చాలావరకు ఆ మాట చివరి అక్షరాల్లోనే ఉంటాయి. వాటిని కోసేసి ‘రోడ్డు పనులు’ అని వదిలేస్తే మిగిలేది ఉత్త పేరు. క్రియ లేకుండా తెలుగులో వాక్యాలు లేవా అని భాష తెలిసినవారు అడగొచ్చు. ఉన్నాయి. ‘బావి లోతు ముప్పై అడుగులు’, ‘ఈ ఊళ్లో నీళ్లు తక్కువ’ అన్నవి నిండు వాక్యాలే. అవి ఒక సంగతి చెబుతాయి. అది నిజమో కాదో తేల్చుకోవచ్చు. నేను తప్పుపడుతున్నది అవునని గానీ కాదని గానీ అనడానికి వీల్లేని ముక్కలను. ‘నీటి లభ్యత’ అన్న మాటను ఎవరూ ఖండించలేరు. అందుకే అది రాసినవాడికి అంత సుఖంగా ఉంటుంది. ఇక క్రియను ఉంచినట్టే ఉంచి ముసుగు వేసే పద్ధతి ఇంకొకటుంది: ‘చర్యలు తీసుకోబడుతున్నాయి’. ఇందులో పని కనిపిస్తుంది, పని చేసేవాడు కనిపించడు. కాబట్టి ప్రతి స్లయిడ్ నెత్తినా ఒక నిండు వాక్యం ఉండాలి, దాని కింద ఆ వాక్యాన్ని నిలబెట్టే సాక్ష్యం మాత్రమే ఉండాలి. ఇది నేను కనిపెట్టిన సూత్రం కాదు. సాంకేతిక విషయాల బోధనలో మైకేల్ ఆలీ వంటి ఆచార్యులు దీన్ని ఎంతోకాలంగా చెబుతున్నారు.

ఇదేదో కంపెనీ ఉద్యోగుల గొడవలే అనుకోవడానికి వీల్లేదు. 1990లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చంద్రబాబునాయుడు పవర్‌పాయింట్‌ను పాలనకు ఒక గుర్తుగా మార్చారు. 2016 మార్చి 31న నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు సాగునీటి ప్రాజెక్టుల గురించి శాసనసభలోనే పవర్‌పాయింట్ ప్రజెంటేషన్ ఇచ్చారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రభుత్వం పోలవరం, అమరావతి వంటి అంశాలపై శ్వేతపత్రాలు ప్రకటించినప్పుడూ తెర మీద స్లయిడ్లు నడిచాయి. పార్టీ ఏదైనా, ప్రజల సొమ్ము లెక్క ఇప్పుడు తెర మీదుగానే జనానికి చేరుతోంది. కలెక్టరేట్ సమీక్ష నుంచి కాలేజీ సెమినార్ దాకా, ఆస్పత్రిలో కేసు చర్చ నుంచి సస్యరక్షణ శిక్షణ దాకా అదే తెర. ఒకప్పుడు ఫైలు మీద రాసే నోటులో కనీసం వాక్యం ఉండేది. ఎంత పొడిబారినదైనా చివర ‘పంపడమైనది’ అనో ‘ఆమోదించవచ్చు’ అనో ఒక మాట తగిలేది. స్లయిడ్ ఆ చివరి మాటను కూడా మింగేసింది.

మాట మింగేస్తే ఏమవుతుందో చెప్పడానికి 2003 నాటి కొలంబియా ప్రమాదాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆ ఏడాది జనవరి 16న కొలంబియా వ్యోమనౌక ఎగిరిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. లోపల ఉన్న ఏడుగురిలో కర్నాల్‌లో పుట్టిన మన కల్పనా చావ్లా ఒకరు. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతుండగానే బోయింగ్ ఇంజినీర్లు దెబ్బ తీవ్రతను అంచనా వేసి నాసా అధికారులకు స్లయిడ్ల రూపంలో అందించారు. సమాచార చిత్రణలో పేరున్న ఎడ్వర్డ్ టఫ్టీ వాటిలో ఒక స్లయిడ్‌ను తర్వాత విప్పి చూపించారు. దాని శీర్షిక సారాంశం ఏమిటంటే, పరీక్షల సమాచారాన్ని బట్టి అంచనాలు జాగ్రత్త వైపే మొగ్గుతున్నాయి. చదివినవారికి గుండె దిటవు చేసే మాట. దాని కింద చుక్కలు, చుక్కల కింద గీతలు, గీతల కింద మళ్లీ చుక్కలు. అట్టడుగు వరసలో ఉన్న అసలు సంగతి ఇది: పరీక్షలు జరిగింది 3 ఘనపుటంగుళాల ముక్కతో, ఇప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సింది 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు. ‘గణనీయం’ అన్న అర్థమిచ్చే మాట ఆ ఒక్క స్లయిడ్‌లో ఐదుసార్లు వచ్చింది. ఎంత గణనీయమో ఒక్కసారీ చెప్పలేదు. ‘మా పరీక్షలు ఈ దెబ్బకు వర్తించవు’ అన్న ఐదు మాటల వాక్యం ఆ తెర మీద ఎక్కడా లేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక గాలిలోనే విచ్ఛిన్నమైంది. దర్యాప్తు బోర్డు ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ స్లయిడ్‌ను చర్చించి, ఒక ఉన్నతాధికారి దాన్ని చదివి కూడా ప్రాణాపాయం ఉందని గ్రహించకపోవడంలో వింత లేదని అభిప్రాయపడింది. నిజాయితీగా చెప్పాలంటే ప్రమాదానికి స్లయిడ్ కారణం కాదు. రెక్కకు పడిన రంధ్రం కారణం; ఆపద మాటను పైదాకా పోనివ్వని సంస్థ తీరు కారణమని బోర్డే చెప్పింది. కానీ ఆ తీరుకు దాక్కోవడానికి చోటిచ్చింది మాత్రం ఆ స్లయిడే.

వాక్యం ఒక్కటే చాలదని చెప్పే ఉదాహరణ కూడా నాసా చరిత్రలోనే ఉంది. 1986 జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ వ్యోమనౌక ప్రయోగానికి కొన్ని గంటల ముందు, రాకెట్ తయారీదారుల ఇంజినీర్లు 13 పేజీల చార్టులను ఫ్యాక్స్‌లో పంపారు. చలి ఎక్కువగా ఉంది, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువలో ఎగరేయవద్దు అన్నది వారి సలహా. క్రియ ఉంది, స్పష్టంగానే ఉంది. లేనిది దాన్ని నిలబెట్టే బొమ్మ. గతంలో రాకెట్ అతుకులను మూసే రబ్బరు వలయాలు దెబ్బతిన్న ప్రయోగాలను మాత్రమే వారు ఏకరువు పెట్టారు. వాటిలో చలిలో ఎగిరినదీ ఉంది, వెచ్చటి రోజున ఎగిరినదీ ఉంది. దాంతో చలికీ దెబ్బకూ సంబంధం లేదని పై అధికారులు తేల్చేశారు. దెబ్బతినని ప్రయోగాలను కూడా కలిపి, అన్నిటినీ ఉష్ణోగ్రత వరసలో ఒకే చిత్రంలో పెట్టి ఉంటే వేరే సంగతి బయటపడేది: 66 డిగ్రీల కన్నా చలిగా ఉన్న ప్రతి ప్రయోగంలోనూ వలయాలు దెబ్బతిన్నాయి. మర్నాడు ఏడుగురితో ఎగిరిన ఛాలెంజర్ గాలిలోనే విచ్ఛిన్నమైంది. ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెడితే పాఠం పూర్తవుతుంది. కొలంబియా స్లయిడ్‌లో సాక్ష్యం ఉంది, దాన్ని పలికే వాక్యం లేదు. ఛాలెంజర్ చార్టుల్లో వాక్యం ఉంది, దానికి కుదిరిన సాక్ష్యం లేదు. ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. పవర్‌పాయింట్ తొలిసారి బజారులోకి వచ్చింది 1987లో, అంటే ఛాలెంజర్ తర్వాతి ఏడాది. కాబట్టి నేరమంతా సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టేయడం కుదరదు. అది చేసిందల్లా పాత అలవాటుకు తయారుగా ఒక అచ్చు పోసి పెట్టడం. కొత్త స్లయిడ్ తెరవగానే పైన శీర్షిక గడి, కింద చుక్కల గడి ఎదురవుతాయి. గడి కనిపిస్తే నింపేయాలనిపించడం మనిషి గుణం.

ఆ గడిని నింపాక జరిగేది మనందరం చూస్తున్నదే. మాట్లాడేవారు తెర వైపు తిరిగి ఉన్నదున్నట్టు చదువుతారు. వినేవారు వారికన్నా ముందే చదివేసి ఎదురుచూస్తుంటారు. చదువుతూ వినడం మనసుకు ఎందుకు కష్టమో జాన్ స్వెల్లర్, రిచర్డ్ మేయర్ వంటి విద్యా మనోవిజ్ఞానవేత్తలు దశాబ్దాలుగా వివరిస్తున్నారు. బొమ్మ కంటి దారిన, మాట చెవి దారిన వస్తే రెండూ కలిసి ఒక అర్థంగా కుదురుతాయి. అవే మాటలు తెర మీద కూడా కనిపిస్తే కన్ను బొమ్మను వదిలి అక్షరాల వెంట పడుతుంది. చూపుకీ వినికిడికీ మధ్య పేచీ మొదలవుతుంది. మన పటం కథలు చెప్పేవాళ్లకు ఈ సంగతి శాస్త్రం చెప్పకముందే తెలుసు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఎర్రటి నేల మీద గీసే పొడవాటి పటాన్ని కథకుడు ఒక్కో ఘట్టమే విప్పుతూ పోతాడు. కన్ను పటం మీద ఉంటుంది, చెవి పాట మీద ఉంటుంది. పాటను పటం మీద రాసి చదివించడు, రాబోయే ఘట్టాన్ని ముందే విప్పి పెట్టడు. తెర మీద ఒకటి చూపించి, నోటితో దాని కథ చెప్పడం మనకు కొత్త విద్యేమీ కాదు. ‘స్లయిడ్‌కు ఏడు వరసలు, వరసకు ఏడు మాటలు’ అనే చిట్కా కూడా ఇక్కడే వీగిపోతుంది. ఆ ఏడు అంకెకు ఆధారంగా చూపే జార్జ్ మిల్లర్ 1956 నాటి వ్యాసం తక్షణ జ్ఞాపకశక్తి గురించి మాట్లాడింది, తెర మీది వరసల గురించి కాదు. ఏడు వరసల్లో ఒక్క నిండు వాక్యమూ లేకపోతే ఆ లెక్క పాటించీ ఫలితం లేదు.

వాక్యం రాయాలంటే అక్షరం కనపడాలి. ఇక్కడ ఇంగ్లిష్ పుస్తకాల సలహాలు తెలుగుకు అచ్చంగా పనికిరావు. మన అక్షరం అడ్డంగానే కాదు, పైకీ కిందికీ పెరుగుతుంది. తలకట్లు, గుడులు పైన, ఒత్తులు కింద. ‘రాష్ట్రం’, ‘శాస్త్రం’ వంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు. వాటికి చోటు వదలడం కోసం చాలా ఫాంట్లలో అక్షరం ఒంటిని కుదించేస్తారు. అందువల్ల ఒకే కొలతలో ఇంగ్లిష్ నిండుగా, తెలుగు పీలగా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌కు సరిపోయిన కొలతను తెలుగుకు కనీసం నాలుగైదు పాయింట్లు పెంచాలి, వరసల మధ్య ఎడం కూడా పెంచాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులతో కుమ్ములాడుకుంటాయి. ‘ప’కూ ‘ఫ’కూ, ‘ద’కూ ‘ధ’కూ ఉన్న తేడా ఒక చిన్న గీత. గది చివరి వరసకు ఆ గీత చేరకపోతే ‘ధర’ చదివేవాడు ఊహించుకుని చదువుతున్నట్టే. బోల్డ్ రూపం విడిగా లేని ఫాంటును బలవంతంగా లావు చేస్తే ‘మ’, ‘య’, ‘ఘ’ల లోపలి సందులు పూడుకుపోతాయి. వాలు అక్షరాలు తెలుగుకు అతకవు. నొక్కి చెప్పాలంటే కొలతో రంగో మార్చడం మేలు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన స్లయిడ్‌ను ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు ప్రత్యక్షమవుతాయి. యూనికోడ్‌లో రాయడం, ఒక పీడీఎఫ్ నకలు వెంట ఉంచుకోవడం రెండు నిమిషాల పని.

సాక్ష్యం చూపేటప్పుడూ వాక్యమే దారి చూపాలి. శీర్షిక ‘పత్తి దిగుబడి వివరాలు’ అయితే కింద ఏ పట్టిక పెట్టినా చెల్లుతుంది. అందుకే పదిహేను నిలువు వరసల ఎక్సెల్ పట్టికను తెచ్చి అంటించేస్తారు. శీర్షిక ‘వాన ఆలస్యమైన మండలాల్లోనే దిగుబడి పడిపోయింది’ అయితే ఆ పట్టికలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆ వాక్యమే చెబుతుంది. గీతల చార్టులో ఏ గీత దేనిదో పక్కన గడిలో రాసి చూపును అటూ ఇటూ తిప్పేకన్నా గీత చివరే పేరు రాయడం మేలు. మూడు కొలతల బొమ్మలుగా ఉబ్బించిన చార్టుల్లో ముందున్న ముక్క ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టలేని వారు, ముఖ్యంగా మగవారిలో, ప్రతి పెద్ద సభలోనూ కొందరుంటారు. మంచికీ చెడుకూ ఆ రెండు రంగులనే నమ్ముకుంటే వారికి చార్టంతా ఒకటే. మన దగ్గర రంగులకు ఇంకో చిక్కుంది. పసుపు, గులాబీ, నీలం, కాషాయం ఇక్కడ పార్టీల జెండాలు. జిల్లాల చార్టుకు వాటిని అనుకోకుండా వాడినా సభ వేరే లెక్కలు వేసుకుంటుంది. అంకెలు కూడా వినేవారి భాషలో ఉండాలి. లక్షలు, కోట్లలో ఆలోచించే సభకు మిలియన్లు చూపిస్తే ప్రతివారూ మనసులో సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులని ఇంజినీరుకు చెప్పనక్కర్లేదు. ఆయకట్టు రైతుకు మాత్రం ఆ నీళ్లు ఎన్ని ఎకరాలకు, ఎన్ని తడులకు వస్తాయో చెప్పాలి.

ఇన్ని చెప్పినా మిగిలే అభ్యంతరాలున్నాయి. వాటిలో బలమైనది: సమావేశానికి రానివాళ్లకు కూడా పీపీటీ పంపాలి కదా, అన్నీ అందులోనే లేకపోతే ఎలా? ఈ ఒక్క కోరికే స్లయిడ్‌ను ఎటూ కాకుండా చేసింది. తెర మీద చూడటానికి మరీ ఎక్కువ, విడిగా చదువుకోవడానికి మరీ తక్కువ. చదివేవారికి కావాల్సింది వాక్యాలు, కారణాలు, లెక్కల వివరం ఉన్న రెండు మూడు పేజీల కాగితం. పవర్‌పాయింట్ తొలి రూపంలోనే స్లయిడ్ కింద వక్త నోట్సు రాసుకునే పేజీలు, సభికులకు పంచే కాగితాలు ఉన్నాయి. ఇవి మూడు వేర్వేరు పనులని తయారుచేసినవారికే తెలుసు. మనమే మూడింటినీ తెర మీద కుక్కాం. రెండో అభ్యంతరం, సంక్లిష్టమైన విషయాన్ని ఒక వాక్యంలో చెబితే పలచబడిపోతుందని. పలచబడేది చుక్కల వల్ల. వాక్యం వల్ల కాదు. ‘కారణాలు’ అని రాసి అయిదు చుక్కలు పెడితే ఏది ఎంత కారణమో, ఏది దేనికి దారితీసిందో తేల్చే శ్రమ తప్పించుకోవచ్చు. వాక్యం ఆ శ్రమ చేయిస్తుంది. విషయం నిజంగా అంత జటిలమైతే దాన్ని కాగితం మీదే చర్చించాలి. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో పై స్థాయి సమావేశాల నుంచి పవర్‌పాయింట్‌ను తీసేసి, వాక్యాలతో రాసిన పత్రాన్ని అందరూ మౌనంగా చదివాకే చర్చ మొదలయ్యే పద్ధతి పెట్టారు. అంత దూరం అందరూ వెళ్లనక్కర్లేదు. జటిలమైన మాటను చిల్లర ముక్కలుగా విరిచి తెర మీద చల్లకపోతే చాలు.

మూడో అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంగ్లిష్‌లో సాగే పాఠం వింటున్న తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి తెర మీది అక్షరాలే ఆసరా కదా? నిజమే. రెండో భాషలో వినేవారికి, వినికిడి లోపం ఉన్నవారికి, కొత్త పారిభాషిక పదాలకు తెర మీది మాట సాయం చేస్తుంది. పైన చెప్పిన పరిశోధకులూ ఈ మినహాయింపును ఒప్పుకుంటారు. అయితే అర్థం కాని భాషలో మాటను అందుకోలేక తడబడేవారికి కావాల్సింది ఇంకా నిండైన వాక్యమే. ముక్కలు ముక్కలుగా ఉన్న ఇంగ్లిష్ పదబంధాలు వారిని మరింత చీకట్లో వదిలేస్తాయి. తెలుగులో ఒక నిండు వాక్యం, పక్కన పారిభాషిక పదం ఉంటే అది ఆసరా. ఇక చివరి అభ్యంతరం పనిచేసే చోటు నుంచి వస్తుంది: ‘పది స్లయిడ్లు మించకూడదని పైనుంచి ఆదేశం, అన్నీ ఇరికించక తప్పదు.’ స్లయిడ్ల సంఖ్యకు పరిమితి పెట్టడం కాలాన్ని ఆదా చేయదు. ఒక కిక్కిరిసిన స్లయిడ్ మీద అయిదు నిమిషాలు తడుముకునే మాటనే మూడు తేట స్లయిడ్లలో మూడు నిమిషాల్లో చెప్పొచ్చు. పరిమితి పెట్టాల్సింది నిమిషాలకు. అడిగిందే తడవుగా ఇరవై స్లయిడ్లు గీసిచ్చే కృత్రిమ మేధ ఇప్పుడు చేతికొచ్చింది కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. అది అందమైన రంగులు వేయగలదు, చుక్కలు పొందిగ్గా పేర్చగలదు. ‘మేం మరమ్మతు చేయలేదు’ అన్న సంగతి మాత్రం మనం చెబితే తప్ప దానికి తెలియదు.

మార్పు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సమీక్షకు అధ్యక్షత వహించేవారు ప్రతి శీర్షికనూ పైకి చదివి, అది వాక్యం కాకపోతే ‘అయితే ఏంటి?’ అని అడగడం మొదలుపెడితే నెలరోజుల్లో పీపీటీల ముఖం మారిపోతుంది. ప్రభుత్వాలు తెర మీద చూపించిన ప్రతి లెక్కకూ వెంట ఒక చదవదగ్గ పత్రాన్ని విడుదల చేయాలని శాసనసభలు, పత్రికలు పట్టుబట్టాలి. సెమినార్‌కు మార్కులు వేసే అధ్యాపకులు యానిమేషన్లకు వేసే మార్కులను శీర్షిక వాక్యాలకు మార్చాలి. మొదట్లో ఊహించుకున్న తెర దగ్గరికే వెళ్దాం. ‘పైపులైన్ల మరమ్మతులు’ అన్న చోట ‘పన్నెండు ఊళ్లలో పైపులు పగిలాయి, నాలుగింట బాగుచేశాం, ఎనిమిదింటికి డబ్బు రాలేదు’ అని రాయాల్సి వస్తే, రాసే చేయి కాస్త వణుకుతుంది. చదివిన అధికారి తలూపి ఊరుకోలేరు, ఆ డబ్బు ఎక్కడ ఆగిందని అడగాల్సి వస్తుంది. ఆ ఎనిమిది ఊళ్ల బిందెలకు తెర మీది రంగులతో పని లేదు, ఆ ప్రశ్నతో పని ఉంది.